‘యానిమల్ కంట్రోల్’ సీరియల్‌లో చూపించే ఉద్యోగం నిజంగా అలాగే ఉంటుందా? మన దగ్గర అలాంటి సీరియల్ తీయవచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు మళ్లీ చెబుతాను. అమెరికాలో ఫాక్స్ చానల్‌లో వచ్చే ‘యానిమల్ కంట్రోల్’ అనే హాస్య ధారావాహికను మీరు వరుసగా చూశారు. సియాటెల్ నగరంలో జంతు నియంత్రణ విభాగం ఉద్యోగుల మధ్య నడిచే ఆ కథలో నిజమెంత, కల్పన ఎంత అని అడిగారు. మన ఊళ్లలో కుక్కల బండి మీద పనిచేసేవాళ్ల గురించి ఇలాంటి సీరియల్ ఎవరైనా తీస్తే మనం నవ్వగలమా అని కూడా అడిగారు.

నేను రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చదువుకుని, ఇక్కడి అర్హత పరీక్షలు రాసి, చాలా ఏళ్లుగా సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక కౌంటీ (మన జిల్లాలాంటిది) నడిపే జంతు ఆశ్రయంలో వైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఇక్కడ దాన్ని అందరూ షెల్టర్ అనే అంటారు. యానిమల్ కంట్రోల్ ఆఫీసర్లు తెచ్చే ప్రతి జంతువూ ముందు నా బల్ల మీదకే వస్తుంది కాబట్టి, వాళ్ల పనినీ వాళ్ల మాటతీరునూ దగ్గరనుంచి చూస్తూనే ఉన్నాను.

సూటిగా చెప్పాలంటే, మనుషుల విషయంలో ఆ సీరియల్ చాలావరకు నిజం, జంతువుల విషయంలో చాలావరకు కల్పన. ఆఫీసు వాతావరణం, సహోద్యోగుల మధ్య చనువు, ఫోను చేసి పిలిచే జనం, ఆ ఉద్యోగానికి సమాజంలో ఉన్న తక్కువ హోదా, ఇవన్నీ నాకు తెలిసినట్టే ఉన్నాయి. వరసగా ఎదురయ్యే వింత జంతువులు, పరుగుపందెంలాంటి వెంబడింపులు, ఒక్క రోజులోనే ముగిసిపోయే సమస్యలు మాత్రం టీవీ కోసం కల్పించినవి. మీ రెండో ప్రశ్నకు జవాబు, తీయవచ్చు, తీయాలని కూడా నాకు ఉంది. అయితే కథ మొదలయ్యే చోటు వేరుగా ఉండాలి. కారణాలు కింద వివరంగా రాస్తున్నాను.

సీరియల్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఈ ధారావాహికలో ఒక్కో భాగం ప్రకటనలతో కలిపి అరగంట నిడివిలో వస్తుంది, వెనకనుంచి నవ్వుల శబ్దం వినిపించదు. జోయెల్ మెక్‌హేల్ వేసిన ఫ్రాంక్ అనే పాత్ర ఒకప్పుడు పోలీసు. తన శాఖలోని అవినీతిని బయటపెట్టబోయి ఉద్యోగం పోగొట్టుకుని ఇక్కడికి వచ్చాడు. మంచు మీద స్నోబోర్డు క్రీడలో పేరు తెచ్చుకుని ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు అతని భాగస్వామి. అందరినీ మెప్పించాలని తాపత్రయపడే అధికారిణి ఎమిలీ, పిల్లలతో సతమతమయ్యే అమిత్ పటేల్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన విక్టోరియా మిగతా ముఖ్యులు. కథ సియాటెల్‌లో జరుగుతుంది గాని, చిత్రీకరణ సరిహద్దుకు అవతల కెనడాలోని వాంకూవర్‌లో చేశారు.

ఇందులో నాకు అన్నిటికంటే నిజమనిపించింది ఫ్రాంక్ పూర్వ జీవితం. పోలీసు ఉద్యోగం పోయి జంతువుల విభాగానికి రావడాన్ని ఆ సీరియల్ ఒక దిగుడుగా చూపిస్తుంది. బయట జనం కూడా అలాగే చూస్తారు. ఆఫీసరుకు యూనిఫాం ఉంటుంది, బ్యాడ్జీ ఉంటుంది, చలాను రాసే అధికారం ఉంటుంది, అయినా వీధిలో బండి ఆపగానే ఎవరో ఒకరు ‘డాగ్ క్యాచర్ వచ్చాడు’ అంటారు. సొంతదారు అనుమతిగాని కోర్టు వారంటుగాని లేకుండా ఇంట్లోకి వెళ్లడానికి మామూలుగా అధికారం ఉండదు. తలుపు తెరవని మనిషితో గడపకు ఇవతల నిలబడి మాట్లాడి ఒప్పించాల్సిందే. జంతువుల్ని పట్టడంకంటే మాట్లాడి ఒప్పించడమే ఈ ఉద్యోగంలో ముఖ్యమైన నైపుణ్యమని మా ఆఫీసర్లలో అనుభవజ్ఞులందరూ కొత్తవాళ్లకు చెబుతారు. సీరియల్‌లో హాస్యం చాలాభాగం గడప దగ్గరి సంభాషణల్లోనే పుట్టడం నాకు నచ్చింది. రచయితలు అక్కడ సరైన చోటే నిలబడ్డారు.

ఇంకో నిజం, ఒక్కో ఫోను ఒక్కో ఇంటిని తెరిచి చూపిస్తుంది. కార్యాలయ హాస్యానికి ఈ ఉద్యోగం ఎందుకింత బాగా సరిపోయిందో అర్థం కావాలంటే ఫోన్లు అందుకుని ఆఫీసర్లను పంపే డిస్పాచ్ గదిలో ఒక పూట కూర్చుంటే చాలు. పక్కింటి కుక్క రాత్రంతా మొరుగుతోందని ఒకరు, అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు పిల్లిని వదిలేశారని ఒకరు, ఇంటి పెద్దను అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లారు గాని లోపల కుక్క ఒంటరిగా ఉందని పోలీసులు, మేక రోడ్డెక్కిందని బస్సు డ్రైవరు ఫోను చేస్తారు. ఆ ఫోను వెనక తరచుగా జంతువుకు సంబంధం లేని తగాదా ఉంటుంది. కుక్క మొరుగుడు మీద వచ్చిన ఫిర్యాదును తవ్వితే ఇద్దరు పొరుగువాళ్ల మధ్య కంచె హద్దు గొడవ బయటపడిన సందర్భాలు మా ఆఫీసర్లందరికీ తెలుసు. విడాకులు తీసుకుంటున్న దంపతులు ఒకే కుక్క కోసం విడివిడిగా వచ్చి నా దగ్గర చికిత్స కాగితాలు అడిగిన సంఘటనలూ ఉన్నాయి.

ఇక కల్పన సంగతి. మొదటిది అడవి జంతువుల విషయం. తొలి భాగంలోనే ఉష్ట్రపక్షి పరుగెత్తుతుంది, తరవాత రకరకాల ప్రాణులు వస్తాయి. నగర విభాగం పరిధి అంత విశాలమైనది కాదు. సియాటెల్‌కు నగరం నడిపే సొంత షెల్టర్ ఉంది, చుట్టుపక్కల చాలా ఊళ్లకు కింగ్ కౌంటీ ప్రాంతీయ విభాగం సేవలందిస్తుంది, దాని షెల్టర్ కెంట్ పట్టణంలో ఉంది. ఎలుగుబంటి, చిరుతను పోలిన కూగర్ లాంటి వన్యమృగాలు కనిపిస్తే వచ్చేది మాత్రం రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖవాళ్లు. 2009లో సియాటెల్‌లోని డిస్కవరీ పార్కులో కూగర్ తిరుగుతోందని తెలిసినప్పుడు దాన్ని పట్టి కొండల్లో వదిలినవాళ్లు ఆ శాఖ అధికారులే. మా ఆఫీసర్ల బండ్లలో ఎక్కువగా ఎక్కేవి కుక్కలు, పిల్లులు. కౌంటీ శివార్లలోనైతే కోళ్లు, మేకలు, గుర్రాలు కూడా వస్తాయి. సియాటెల్‌లో కుక్కలకూ పిల్లులకూ మాత్రమేగాక పెంపుడు పందులకూ పొట్టిమేకలకూ కూడా లైసెన్సు తీసుకోవాలన్న నిబంధన ఉంది. దీన్ని ఆ రచయితలు కల్పించారని మీరు అనుకోవచ్చు, కాని ఇది నిజమే.

రెండోది వేగం. టీవీలో కుక్క కనిపిస్తుంది, ఆఫీసర్లు పరుగెత్తుతారు, కింద పడతారు, పట్టేస్తారు. నిజజీవితంలో వెంటపడితే కుక్క రోడ్డు మీదకు ఉరికి బండి కింద పడుతుంది. అందువల్ల మంచి ఆఫీసరు పరుగెత్తడు. నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. వరండా చెక్కల కింద బిగుసుకుపోయి కూర్చున్న ఒక మధ్యవయసు కుక్కను పట్టడానికి వెళ్లిన ఆఫీసరు, దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నేల మీద కూర్చుంది. దాని కళ్లలోకి చూడలేదు. చేతిలోని సాసేజి ముక్కను తన మోకాలి దగ్గర పెట్టి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చిన్న గొంతుతో ఏదో చెబుతూ ఉండిపోయింది. కుక్క మెడ చాచి ముక్క అందుకున్న ప్రతిసారీ తరవాతి ముక్కను కొంచెం ఇవతల పెట్టింది. స్లిప్ లీడ్ అనే ఉరితాడులాంటి పట్టీని ముందే వెడల్పుగా తెరిచి ఆ ముక్కల దారిలోనే నేలమీద పరిచి ఉంచింది. కుక్క తలను తనంతట తానే అందులో పెట్టేదాకా ఆమె చెయ్యి కదపలేదు. మెడకు పట్టీ పడ్డాక కూడా లాగలేదు, కుక్క లేచి నడిచేవరకు ఆగింది. పొడవాటి కర్రకు చివర ఉచ్చు ఉండే క్యాచ్ పోల్ ఆ సమయమంతా బండిలోనే ఉంది. సీరియల్‌లో ఆ కర్ర తరచుగా కనిపిస్తుంది గాని, దాన్ని బయటికి తీయాల్సి వచ్చిందంటే మిగతా మార్గాలన్నీ మూసుకుపోయాయని మా దగ్గర అర్థం. ఈ ఓపికను టీవీలో చూపించడం కష్టమని నాకూ తెలుసు. ఇరవై రెండు నిమిషాల కథలో ఒక మనిషి కదలకుండా కూర్చున్న దృశ్యానికి చోటు దొరకదు. అయినా ఈ ఉద్యోగంలో నేను అత్యంత గౌరవించే గుణం అదే కాబట్టి, అది తెర మీద కనిపించకపోవడం నాకు వెలితిగానే ఉంటుంది.

మూడోది ఇద్దరిద్దరు చొప్పున తిరగడం. సంభాషణ పుట్టాలంటే బండిలో ఇద్దరుండాలి, అది నాటకానికి తప్పనిసరి. నాకు తెలిసిన మటుకు ఆఫీసర్లు ఎక్కువగా ఒంటరిగానే వెళతారు. శిక్షణలో ఉన్నప్పుడో, ప్రమాదకరమైన ఇంటికి వెళ్లాల్సినప్పుడో మాత్రమే రెండోవాళ్లు తోడు వస్తారు. అందుకే రోజంతా ఎవరితోనూ పంచుకోని మాటలన్నీ సాయంత్రం షెల్టర్ వెనక గేటు దగ్గర, బండి కడుగుతున్నప్పుడు బయటికి వస్తాయి. సీరియల్‌లో బండి లోపల జరిగే ముచ్చట్లకు అసలు చోటు ఆ గేటు దగ్గరే.

కాగితాల పని గురించి ఎక్కువ రాయను. కుక్క కరిచిందన్న నివేదిక, చలాను, కోర్టు సాక్ష్యం, ఫొటోలు, జంతువుకు ఇచ్చే నంబరు, అన్నిటికీ సమయం పడుతుంది. ఉన్నదున్నట్టు చూపిస్తే అది ఏ సీరియల్‌లోనూ వినోదం కాదు.

నాలుగోది, అన్నిటికంటే బరువైనది, మరణం. నేను చూసినంతలో ఆ సీరియల్ దీన్ని దాదాపు పక్కనపెట్టింది. రాత్రివేళ కారు గుద్దిన కుక్కను దుప్పటిలో చుట్టి తెచ్చిన ఆఫీసరు, ఇక దాన్ని బతికించలేమని నేను చెప్పినప్పుడు బయటికి వెళ్లిపోవచ్చు. చాలామంది వెళ్లరు, ఇంజక్షను పూర్తయ్యేదాకా దాని తల పట్టుకుని నిలబడతారు. కొన్ని షెల్టర్లలో శిక్షణ పొందిన సిబ్బందే ఆ పని చేయాల్సి ఉంటుంది. ఒక హాస్య ధారావాహిక దీన్ని ప్రతి వారం చూపించాలని నేను కోరను. కాని ఆ ఆఫీసర్ల మాటల్లో ఉండే మొరటుతనం, ఆఫీసులో ఒకరినొకరు ఆటపట్టించుకునే తీరు ఎక్కడనుంచి వస్తాయో ప్రేక్షకుడికి ఒక్కసారైనా తెలిస్తే, ఫ్రాంక్ లాంటి చిరాకు మనిషి ఇంకా లోతుగా అర్థమవుతాడని నా నమ్మకం.

హాస్యానికీ బాధకూ మధ్య ఉండే ఇంటిని నేనొకసారి చూశాను. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో లెక్కకు మించిన పిల్లులున్నాయని పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. వారంటు వచ్చాక ఆఫీసర్లతో పాటు నేనూ వెళ్లాను. తలుపు తీయగానే మూత్రం నుంచి వచ్చే అమోనియా ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారాయి. మాస్కు ఉన్నా గొంతు పట్టేసింది. ఆవిడ సోఫా మీద కూర్చుని, పట్టుకున్న ప్రతి పిల్లినీ చూసి ‘అది ఫలానా, దానికి చేప అంటే పడదు’ అంటూ పేరుపేరునా చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి మా కార్డుల మీద నంబర్లు మాత్రమే రాస్తున్నాం. ఒక యువ ఆఫీసరు పని ఆపి, ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ చెప్పిన పేరును ప్రతి కార్డు మీదా నంబరు కింద రాశాడు. స్పెల్లింగు తప్పితే ఆవిడ దిద్దింది. దానివల్ల మా పని ఆలస్యమైంది గాని, ఆవిడ అరవలేదు, ఏడవలేదు, చివరకు సంతకం పెట్టి పిల్లుల్ని మాకు అప్పగించింది. సంతకం లేకపోతే ఆ కేసు కోర్టులో నెలల తరబడి సాగేది, అన్నాళ్లూ ఆ పిల్లుల్ని ఎవరికీ దత్తత ఇవ్వడానికి వీలుండేది కాదు. మనిషితో మాట్లాడటమే ముఖ్య నైపుణ్యమని పైన రాసింది ఇందుకే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. దానికి ముందు, సియాటెల్ కథలో జంతువుల గురించి అంత తేలికగా నవ్వగలగడానికి వెనక ఏముందో చూడాలి. నా దృష్టిలో ఆ నవ్వు వెనక ఉన్నది టీకా. కుక్కల మధ్య వ్యాపించే రకం రేబిస్ అమెరికాలో పూర్తిగా తొలగిపోయిందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2007లో ప్రకటించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇప్పుడు ఆ వ్యాధికి స్థావరం గబ్బిలాలు. కుక్కలకూ పిల్లులకూ, ముంగిసను పోలిన ఫెర్రెట్లనే పెంపుడు జంతువులకూ రేబిస్ టీకా వేయించడం ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి. ఆ సీరియల్‌లో ఎవరినైనా కుక్క కరిచినా ప్రేక్షకుడికి మరణభయం కలగదు. సొంతదారు ఎవరో తెలుస్తుంది, టీకా కాగితం దొరుకుతుంది, కుక్కను 10 రోజులు పరిశీలనలో ఉంచుతారు. ఆ 10 రోజుల లెక్క ఎందుకంటే, రేబిస్ వైరస్ మెదడుకు చేరాకే లాలాజలంలోకి వస్తుంది. కరిచిన నాటికి లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క కొద్ది రోజుల్లోనే లక్షణాలు చూపి చనిపోతుంది. 10 రోజుల తరవాత అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని నుంచి వ్యాధి సోకి ఉండదన్న మాట.

ఇక్కడి వీధుల్లో సొంతదారు లేని కుక్క అరుదు. తప్పిపోయిన కుక్క వస్తే మొదట మెడకూ భుజాలకూ మధ్య స్కానర్ తిప్పుతాం. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉంటే 15 అంకెల సంఖ్య తెర మీద కనిపిస్తుంది. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 రాత్రి బాణసంచా శబ్దానికి బెదిరి పారిపోయిన కుక్కలతో మరుసటి రోజు మా కెన్నెళ్లు, అంటే కుక్కల గదులు, నిండిపోతాయి. దీపావళి రాత్రి మన దగ్గర కుక్కలు పడే బాధ తెలిసినవాళ్లకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. అలా వచ్చిన వాటిలో ఒక తెలుగు కుటుంబం పెంచుకుంటున్న లాబ్రడార్ కూడా ఉంది. చిప్ ఉంది గాని, దానితో నమోదైన ఫోను నంబరు కుక్కను అమ్మినవాళ్లది. ఇంటివాళ్లు తమ నంబరు ఎక్కించలేదు, లైసెన్సు తీసుకోవాలన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. కుక్క క్షేమంగానే దొరికింది. రెడ్మండ్, సమ్మామిష్ ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఊళ్లకు సేవలందించేది కింగ్ కౌంటీ విభాగం అని గుర్తుంచుకుని, లైసెన్సు తీసుకుని, చిప్‌లో మీ ఫోను నంబరు ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. ఎండలో ఆపిన కారులో కుక్కను ఉంచి దుకాణంలోకి వెళ్లకండి. వేడి వల్ల దాని ప్రాణానికి ముప్పు ఉంటే అద్దం పగలగొట్టి తీసే అధికారం 2015 నుంచి ఈ రాష్ట్రంలో ఆఫీసర్లకు ఉంది.

ఇలా లైసెన్సు, టీకా, చిప్, షెల్టర్, కోర్టు అన్నీ కలిసి జంతువు వైపున్న ప్రమాదాన్ని చాలావరకు తీసేశాయి. మిగిలింది మనుషుల చేష్టలు. ఆ చేష్టల మీదే సీరియల్ నిలబడింది.

మన దగ్గర ఆ ప్రమాదం ఇంకా పోలేదు. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా భారతదేశంలోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ సీరియల్ అమెరికాలో మొదలైన 2023 ఫిబ్రవరిలోనే హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఒక నాలుగేళ్ల బాబు ప్రాణం పోయింది. ఆ దృశ్యాలు ఫోన్లలో చూసిన తెలుగువాళ్లెవరూ మర్చిపోలేరు. మన రచయితలు ఈ ఉద్యోగాన్ని హాస్యంగా రాయడానికి వెనకాడితే, ఆ సంకోచాన్ని నేను గౌరవిస్తాను. కరిచిన కుక్కను నవ్వుగా చూపించడం మన దగ్గర ఇప్పట్లో సాధ్యం కాదు, సాధ్యం కాకూడదు కూడా.

అయినా తీయవచ్చని ఎందుకన్నానంటే, ఆ బండి మీద పనిచేసేవాళ్ల రోజు సియాటెల్ ఆఫీసర్ల రోజుకంటే ఎక్కువ నాటకీయమైనది. బందెలదొడ్డిలో పశువుల్ని కట్టేసి జరిమానా వసూలు చేసిన రోజులనుంచీ ఊళ్లో తిరిగే జంతువుల బాధ్యత మన స్థానిక సంస్థల మీదే ఉంది. ఇప్పుడు వీధికుక్కల విషయంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు అమల్లో ఉన్నాయి, అంతకు ముందు 2001 నాటివి ఉండేవి. వాటి ప్రకారం కుక్కను పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టిన చోటే మళ్లీ వదలాలి. పట్టడానికి చేతులు, వలలు, మెత్తటి ఉచ్చులు వాడవచ్చు గాని, ఇనుప పట్టుకార్లూ తీగలూ వాడకూడదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది, ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటిని టీకా, ఆపరేషన్ తరవాత తిరిగి వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలాంటి చోట్ల పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దని ఆదేశించింది.

ఇప్పుడు ఆ బండి ఒక వీధిలో ఆగిందనుకోండి. కుక్కను పట్టుకుపోమని ఒక గుంపు, ముట్టుకోవద్దని ఇంకో గుంపు వచ్చి చుట్టూ నిలబడతాయి. నాలుగు రోజులకు ఆపరేషన్ చేసి వదలడానికి వస్తే, ‘పట్టినదాన్ని మళ్లీ ఎందుకు తెచ్చార్రా’ అని మొదటి గుంపు బండికి అడ్డం నిలబడుతుంది. రూలు ఏమిటో చెప్పబోతే వినేవాళ్లుండరు. కార్పొరేటర్ ఫోను ఒకవైపు, జంతు సంక్షేమ సంస్థ ఫోను మరోవైపు మోగుతుంటాయి. పై అధికారికి సాయంత్రంలోగా లెక్క కావాలి. చేతికి గాటు పడిన కూలీ అదేమీ కాదంటూ పంపు కింద సబ్బుతో కడుక్కుంటూ ఉంటే, పశువైద్యుడు అతణ్ణి బలవంతంగా టీకాకు పంపించాలి. సియాటెల్ సీరియల్‌లో గడప దగ్గర జరిగే సంభాషణ మన దగ్గర నడివీధిలో, అందరూ చూస్తుండగా జరుగుతుంది.

కాబట్టి నా సలహా ఇది. మన కథలో నవ్వు ఆఫీసునుంచి, కాగితంనుంచి, వీధి పంచాయితీనుంచి రావాలి. కాటునుంచి రాకూడదు. ప్రధాన పాత్రగా పదవి పోగొట్టుకున్న పోలీసు అక్కర్లేదు. నగరపాలక సంస్థ పశువైద్య విభాగానికి బదిలీ అయి వచ్చిన ఒక సహాయ పశువైద్యుడు చాలు. గేదెలు ఎదకు రావడానికి చికిత్సలు చేస్తూ పల్లెలో గౌరవంగా బతికినవాడు నగరంలో ‘కుక్కల డాక్టరు’ అనిపించుకునేసరికి ఎంత నొచ్చుకుంటాడో నా సహాధ్యాయులు చాలామంది చెప్పగా విన్నాను. ఫ్రాంక్ పాత్రలోని దిగుడుకు మన దగ్గర సాటి వచ్చేది అదే. అతని పక్కన బండి డ్రైవరు, వల విసిరే ఇద్దరు పనివాళ్లు, ఫిర్యాదులు నమోదు చేసే అమ్మాయి ఉంటే ఒక ధారావాహికకు కావలసిన మనుషులు సమకూరినట్టే. వల విసిరేవాళ్లను అమాయకులుగానో క్రూరులుగానో చూపించడం మన తెరకు అలవాటు. ఆ రెండూ చేయవద్దని రచయితలను గట్టిగా కోరుతున్నాను. కుక్క తోక, చెవులు, నడక చూసి అది ఎటు ఉరుకుతుందో నాలాంటి వైద్యులకంటే ముందే పసిగట్టగలిగినవాళ్లు వాళ్లే. చదువుకునే రోజుల్లో నేను కుక్కను పట్టుకునే తీరు నేర్చుకున్నది కూడా పుస్తకంలోంచి కాదు, మా కళాశాల చికిత్సాలయంలో పనిచేసిన సహాయకుల దగ్గర.

మీరు ఈ ప్రశ్న అడిగిన తీరు చూస్తే ఏదో రాయాలన్న ఆలోచన మీకు ఉన్నట్టుంది. ఉంటే, ఆపరేషన్లు చేసే కేంద్రానికి తెల్లవారుజామున వెళ్లండి. బండ్లు వీధుల్లో జనం పెరగకముందే బయల్దేరతాయి కాబట్టి అసలు పని ఆ వేళే కనిపిస్తుంది. పగలు వెళితే కాగితాలే చూస్తారు. పట్టే బృందంతో ఒక రోజు, వదిలే బృందంతో ఒక రోజు తిరగండి, ఎందుకంటే గొడవలు ఎక్కువగా వదిలేటప్పుడే జరుగుతాయి. ఫొటోలు తీసేముందు పనివాళ్లను అడగండి. బండి ఎక్కేముందు ఒక డాక్టరును కలిసి రేబిస్ ముందస్తు టీకా కోర్సు పూర్తి చేసుకోండి, మా షెల్టర్‌లో జంతువుల్ని తాకే సిబ్బందికి పని మొదలుపెట్టేముందే అది వేస్తాం. ఆ కోర్సు తీసుకున్నా సరే, గీరినా కరిచినా గాయాన్ని వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి తరవాతి డోసులు వేయించుకోవాలి.